బెంజమిన్ గ్రాహం: బాగా పెరిగిన షేరును ఎప్పుడు తగ్గించుకోవాలి?

షేర్ల గురించి కాస్త తెలిసిన ప్రతి ఇంట్లోనూ వారెన్ బఫెట్ పేరు వినిపిస్తుంది. ఆయనకు మదుపు పాఠాలు చెప్పిన గురువు బెంజమిన్ గ్రాహం పేరు మాత్రం అంతగా వినిపించదు. డబ్బును రకరకాల చోట్ల విడివిడిగా పెట్టుకోవాలని, ధర చూసి మురిసిపోకూడదని జీవితమంతా చెప్పిన మనిషి ఆయన. విచిత్రమేమిటంటే ఆయనకు అత్యధిక లాభం తెచ్చింది ఒకే ఒక్క కంపెనీ. ఆయన కన్నుమూసిన సంవత్సరంలోనే ఆ కంపెనీ దివాలా అంచుకు చేరింది.

పిల్లల చదువుకో, రిటైర్మెంట్‌కో దాచుకున్న సొమ్ములో ఒక షేరు మాత్రం అనుకోనంతగా పెరిగిపోయి, మొత్తం పొదుపులో సగానికి పైగా అదే అయిపోయిన ఇళ్లు మన పాఠశాల కుటుంబంలోనూ ఉన్నాయి. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే షేర్ల వల్ల ఈ పరిస్థితి ఇప్పుడు మామూలైపోయింది. అమ్మితే ఇంకా పెరుగుతుందేమోనన్న బెంగ, ఉంచుకుంటే పడిపోతుందేమోనన్న భయం. గ్రాహం జీవితంలో ఈ రెండూ ఉన్నాయి.

అమ్మ పోగొట్టుకున్న డబ్బు

గ్రాహం 1894 మే 9న లండన్‌లో పుట్టారు. అప్పటి ఇంటిపేరు గ్రాస్‌బామ్. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కుటుంబం దాన్ని గ్రాహం అని మార్చుకుంది. పింగాణీ సామాన్లు, అలంకరణ వస్తువులు దిగుమతి చేసే వ్యాపారం వాళ్లది. బాబుకు ఏడాది నిండేసరికి న్యూయార్క్ చేరారు. తండ్రి ఉన్నంతకాలం ఇంట్లో పనివాళ్లతో సహా అన్నీ ఉండేవి. 1903లో తండ్రి 35 ఏళ్లకే చనిపోయారు. తల్లికి ముగ్గురు మగపిల్లలు మిగిలారు. వ్యాపారం నిలబడలేదు. ఇంటినే బోర్డింగ్ హౌస్‌గా మార్చి అద్దెకుండేవాళ్లకు వండిపెట్టడం మొదలుపెట్టారామె.

ఎలాగైనా నాలుగు డబ్బులు పెంచుకోవాలని ఆమె యూఎస్ స్టీల్ షేర్లు కొన్నారు. చేతిలో ఉన్నది కొంతే, మిగతాది బ్రోకరు దగ్గర అప్పు. 1907లో న్యూయార్క్ మార్కెట్ కుప్పకూలినప్పుడు ఆ డబ్బంతా పోయింది. అప్పటికి బెన్‌కు పదమూడేళ్లు. అమ్మ ఇచ్చిన చెక్కు పట్టుకుని బ్యాంకుకు వెళితే, ఐదు డాలర్ల చెక్కుకు కూడా ఆమెను నమ్మవచ్చా అని అక్కడి ఉద్యోగి పక్కవాణ్ని అడగడం ఆ పిల్లవాడి చెవిన పడింది. ఆ అవమానం ఆయన జీవితాంతం మర్చిపోలేదు.

చదువులో మాత్రం బెన్‌కు తిరుగులేదు. కొలంబియా విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్ మొదట ఆఫీసు పొరపాటుతో చేజారింది. ఆయన రికార్డు ఒక బంధువు రికార్డుతో కలిసిపోయింది. తర్వాత అది సరిదిద్దుకోవడంతో కొలంబియాలో చేరి, 1914లో ఇరవై ఏళ్లకే తరగతిలో రెండో స్థానంలో పట్టా అందుకున్నారు. ఒకటి కాదు, మూడు విభాగాలు ఆయన్ను అధ్యాపకుడిగా రమ్మన్నాయి. ఇంటి పరిస్థితి చూసుకుని ఆయన వాల్‌స్ట్రీట్‌లో వారానికి 12 డాలర్ల జీతానికి చేరారు.

ముసలాయన మాట వినలేదు

పన్నెండేళ్లలో సొంతంగా నలుగురి డబ్బూ నిర్వహించే స్థాయికి ఎదిగారు. 1926లో మొదలైన ఆయన ఉమ్మడి ఖాతా 1929 నాటికి సుమారు 25 లక్షల డాలర్లకు చేరింది. అప్పటికి ఆయన వయసు 34. ఆ ఏడాది మొదట్లో ఫ్లోరిడాలో జాన్ డిక్స్ అనే 93 ఏళ్ల వ్యాపారి పరిచయమయ్యారు. గ్రాహం ఎంత డబ్బు నడుపుతున్నారో, అందులో అప్పు ఎంతో ఆ పెద్దాయన ఓపికగా అడిగి తెలుసుకున్నారు. వెంటనే న్యూయార్క్ వెళ్లి షేర్లు అమ్మేసి, అప్పులు తీర్చి, మిగిలిన సొమ్ము ఎవరిది వారికి ఇచ్చేయమని సలహా ఇచ్చారు. కాలం తెలియని ముసలాయన మాటలనుకుని గ్రాహం పట్టించుకోలేదు.

అక్టోబరులో మార్కెట్ పడింది. 1930లో చవగ్గా దొరుకుతున్నాయని మళ్లీ కొన్నారు, మార్కెట్ ఇంకా పడింది. 1932 చివరికి ఖాతా దాదాపు 70 శాతం నష్టపోయింది. నమ్మి డబ్బిచ్చినవాళ్ల నష్టం పూడేదాకా ఆయన, భాగస్వామి జెరోమ్ న్యూమన్ ఏళ్ల తరబడి ప్రతిఫలం తీసుకోకుండా పనిచేశారు. 1935 చివరికి గానీ ఆ గుంట పూడలేదు.

ఆ దెబ్బ నుంచి వచ్చినవే ఆయన రెండు పుస్తకాలు. మొదటిది డేవిడ్ డాడ్‌తో కలిసి రాసిన సెక్యూరిటీ అనాలిసిస్, 1934. రెండోది మామూలు మదుపరుల కోసం రాసిన ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్, 1949. రెండో పుస్తకంలో ఆయన చెప్పిన సూత్రం చాలా సులువైనది. పొదుపులో షేర్ల వాటా 25 శాతం కంటే తగ్గకూడదు, 75 శాతం మించకూడదు. ఎటూ తేలనివాళ్లు సగం షేర్లు, సగం బాండ్లు పెట్టుకోవాలి. మార్కెట్ పెరిగి షేర్ల వాటా 55 శాతమైతే, షేర్లలో పదకొండో వంతు అమ్మి బాండ్లలో వేయాలి. లెక్క చూడండి: కోటి రూపాయల పొదుపులో షేర్లు 55 లక్షలైతే, పదకొండో వంతు 5 లక్షలు. అది అమ్మితే మళ్లీ సగం సగం. విడి షేర్లు కొనేవాళ్లు పది నుంచి ముప్పై కంపెనీల దాకా పెట్టుకోవాలన్నారు.

ఈ సూత్రంలో రేపు మార్కెట్ ఏమవుతుందన్న జోస్యం ఎక్కడా లేదు. వాటా ఎంతకు చేరిందన్న ఒక్క కొలత మీదే అమ్మకం ఆధారపడుతుంది. షేరు మంచిదా, చెడ్డదా అన్న వాదనతోనూ దానికి పనిలేదు.

సూత్రం పక్కన పెట్టిన ఒక్క కొనుగోలు

పుస్తకం అచ్చుకు సిద్ధమవుతున్న రోజుల్లోనే, 1948లో, గైకో అనే చిన్న ఇన్సూరెన్స్ కంపెనీ సగం వాటా అమ్మకానికి వచ్చింది. 1936లో టెక్సస్‌లో మొదలై తర్వాత వాషింగ్టన్‌కు మారిన కంపెనీ అది. ఏజెంట్లు లేకుండా, ప్రభుత్వ ఉద్యోగులకు నేరుగా కారు ఇన్సూరెన్స్ అమ్మేది. కమీషన్లు లేవు కాబట్టి ఖర్చు తక్కువ. ప్రభుత్వ ఉద్యోగులు జాగ్రత్తగా నడుపుతారు కాబట్టి క్లెయిములూ తక్కువ. చాలా సంస్థలు వద్దన్న ఆ వాటాను గ్రాహం, న్యూమన్ సుమారు 7 లక్షల 12 వేల డాలర్లకు తీసుకున్నారు. తమ ఫండ్ మొత్తంలో అది దాదాపు ఐదో వంతు. పది ముప్పై కంపెనీల్లో విడివిడిగా పెట్టమని చెప్పే మనిషికి ఇది చాలా పెద్ద ముక్క.

అదీ చివరి నిమిషంలో చేజారబోయింది. కంపెనీ ఆస్తుల విలువ తాము ఇచ్చే ధరకు పూర్తిగా సరిపోవాలని గ్రాహం పట్టుబట్టారు. తేడా 50 వేల డాలర్ల లెక్కల దగ్గర వచ్చింది. అదృష్టం కొద్దీ అవతలివాళ్లు ఒప్పుకున్నారు. ఆ 50 వేల పేచీలో ముందు ముందు 30 కోట్ల డాలర్లకు పైగా లాభం పోయేదని ఆయనే తర్వాత నిజాయితీగా రాసుకున్నారు.

కొన్నాక ఇంకో చిక్కు వచ్చింది. ఒక ఫండ్ ఇన్సూరెన్స్ కంపెనీలో అంత వాటా పెట్టుకోవడానికి అమెరికా చట్టం ఒప్పుకోదని నియంత్రణ సంస్థ చెప్పింది. దాంతో గైకో షేర్లను ఫండ్‌లోని సభ్యులకే పంచిపెట్టాల్సి వచ్చింది. అక్కడి నుంచి ఆ షేరును ఉంచుకోవాలా, అమ్మాలా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిన విషయమైంది. గ్రాహం గైకో బోర్డు ఛైర్మన్ అయ్యారు.

కంపెనీ లాభాలు పెరిగాయి, షేరు ధర అంతకంటే వేగంగా పెరిగింది. కొన్న ధరకు 200 రెట్లు దాటింది. తన సొంత కొలతల ప్రకారం దాదాపు మొదటినుంచీ ఆ ధర చాలా ఎక్కువని గ్రాహంకు తెలుసు. వేరే ఏ షేరైనా ఆయన ఎప్పుడో అమ్మేసేవారే. గైకోను మాత్రం ఇంటి వ్యాపారంలా చూసుకుని ఉంచుకున్నారు. ఫండ్‌లో ఉన్నవాళ్లలో చాలామంది అదే చేసి లక్షాధికారులయ్యారు. ఇరవై ఏళ్లలో మిగతా మదుపులన్నిటి మీదా వచ్చిన లాభం కలిపినా ఈ ఒక్కదాని లాభానికి చాలా తక్కువ.

శిష్యుడు తొందరపడి అమ్మాడు

గ్రాహం దగ్గర చదువుకోవడానికి 1950లో కొలంబియాలో చేరిన ఇరవై ఏళ్ల కుర్రాడు బఫెట్. గురువుగారు ఛైర్మన్‌గా ఉన్న కంపెనీ ఏమిటో చూద్దామని 1951 జనవరిలో ఒక శనివారం రైలెక్కి వాషింగ్టన్ వెళ్లి, గైకో ఆఫీసు తలుపు తట్టాడు. ఆ ఏడాది నాలుగు విడతల్లో 350 షేర్లు కొన్నాడు. ఖర్చు 10,282 డాలర్లు. ఏడాది చివరికి అతని మొత్తం ఆస్తిలో 65 శాతానికి పైగా ఆ ఒక్క షేరే.

1952లో అతను అవన్నీ 15,259 డాలర్లకు అమ్మేశాడు. చవగ్గా కనిపించిన వేరే షేరు కొనడానికి. దాదాపు 50 శాతం లాభం. ఎవరు చూసినా మంచి నిర్ణయమే అంటారు. కానీ అమ్మిన ఆ షేర్ల విలువ తర్వాతి ఇరవై ఏళ్లలో సుమారు 13 లక్షల డాలర్లకు చేరింది.

అంటే గెలిచే షేరును అమ్మడంలోనూ నష్టం ఉంది. పెరిగింది కాబట్టి అమ్మేయాలి అన్నది సూత్రం కాదు. బఫెట్ అమ్మింది కొంత కాదు, మొత్తం. వాటా తగ్గించుకోవడానికి, పూర్తిగా వదిలేయడానికి మధ్య ఎంత తేడా ఉందో ఈ లెక్కే చెబుతుంది. మూడో వంతు ఉంచుకుని ఉన్నా ఇరవై ఏళ్లకు నాలుగు లక్షల డాలర్లు దాటేది.

61 నుంచి 2కు

గ్రాహం 1956లో ఫండ్ మూసేసి కాలిఫోర్నియా వెళ్లిపోయారు. అక్కడ కూడా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. గ్రీకు, లాటిన్ సాహిత్యం చదువుకుంటూ, ఏడాదిలో కొంతకాలం ఫ్రాన్స్‌లో ఉంటూ వృద్ధాప్యం గడిపారు. గైకో కథను తన పుస్తకం 1973 కూర్పు చివర, తన పేరు చెప్పకుండా, ఇద్దరు భాగస్వాముల కథగా రాశారు.

గైకో షేరు 1972లో 61 డాలర్ల దాకా వెళ్లింది. అప్పటికే లోపల పునాది కదులుతోంది. కంపెనీ వేగంగా పెరగాలన్న తొందరలో పాత జాగ్రత్త వదిలేసి, ప్రమాదాలు ఎక్కువ చేసే డ్రైవర్లకూ పాలసీలు ఇచ్చింది. ద్రవ్యోల్బణంతో కార్ల మరమ్మతు, ఆసుపత్రి ఖర్చులు పెరిగాయి. రాబోయే క్లెయిముల కోసం పక్కన పెట్టాల్సిన డబ్బు తక్కువగా లెక్కించారు. 1975లో కంపెనీకి 12 కోట్ల డాలర్లకు పైగా నష్టం. 1976లో షేరు సుమారు 2 డాలర్లకు వచ్చింది. ఆ ఏడాదే సెప్టెంబరు 21న గ్రాహం 82 ఏళ్ల వయసులో ఫ్రాన్స్‌లో కన్నుమూశారు.

కంపెనీ మాత్రం బతికింది. 1976లో కొత్త అధిపతి జాక్ బర్న్ వచ్చి నష్టాలకు కోతపెట్టారు. అదే ఏడాది బఫెట్ మళ్లీ కొనడం మొదలుపెట్టి, తర్వాత తన సంస్థ ద్వారా 1996 మొదట్లో మొత్తం కంపెనీని సొంతం చేసుకున్నారు. ఓపిక పట్టగలిగినవాళ్లకు షేరు తిరిగి లేచింది. కానీ 1976లో అరవై ఏళ్లు నిండి, నెలనెలా ఇంటి ఖర్చుకు ఆ షేర్లే అమ్ముకోవాల్సిన మనిషిని ఊహించుకోండి. 61 డాలర్ల నుంచి 2కు పడిన షేరు పాత ధరకు రావాలంటే ముప్పై రెట్లు పెరగాలి. అంతదాకా ఆగే వ్యవధి అతనికి లేదు. కంపెనీ కోలుకున్నా అప్పటికే అమ్ముకున్న షేర్లు తిరిగి రావు.

మన లెక్క మనం వేసుకుంటే

గ్రాహం ఉంచుకున్నారు కాబట్టి మనమూ ఉంచుకోవచ్చు అనుకోవడానికి లేదు. కంపెనీ లోపలి లెక్కలు ఛైర్మన్‌గా ఆయన చూడగలిగేవారు. పుస్తకాలు, పాఠాలు, ఇతర మదుపుల ఆదాయం ఆయనకు వేరే ఉంది. ఉద్యోగికి ఇవేవీ ఉండవు. పైగా జీతమూ, షేరూ ఒకే కంపెనీ నుంచి వస్తుంటే, చెడ్డరోజు వచ్చినప్పుడు రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ షేరు ఒక్క రోజులో మూడొంతులకు పైగా పడిపోవడం హైదరాబాద్ చూసింది.

ఒక ఉదాహరణ చూద్దాం. తండ్రి వయసు 52, అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. మొత్తం పొదుపు కోటి రూపాయలు, అందులో 60 లక్షలు ఒకే కంపెనీ షేరు. ఆ షేరు 80 శాతం పడితే 48 లక్షలు పోయి 52 లక్షలు మిగులుతాయి. ముందే 20 లక్షలకు తగ్గించుకుని ఉంటే పోయేది 16 లక్షలు, మిగిలేది 84 లక్షలు. షేరు రెట్టింపైతే మొదటి ఇంట్లో కోటి 60 లక్షలు, రెండో ఇంట్లో కోటి 20 లక్షలు. ఇప్పుడు భార్యాభర్తలు కూర్చుని వేసుకోవాల్సిన ప్రశ్న షేరు ఎటు వెళుతుందని కాదు. 40 లక్షలు అదనంగా వస్తే మన జీవితం ఎంత మారుతుంది? 48 లక్షలు పోతే ఎంత మారుతుంది? అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు, రిటైర్మెంట్ తేదీ రెండో ప్రశ్నకు కట్టుబడి ఉంటే, తగ్గించుకునే సమయం వచ్చినట్టే.

ఎలా తగ్గించుకోవాలి అన్నదానికి గ్రాహం పద్ధతే దారి చూపుతుంది.

ముందుగా ఒక హద్దు రాసి పెట్టుకోండి. ఏ ఒక్క కంపెనీ అయినా మొత్తం పొదుపులో ఇంత శాతం దాటకూడదు అని. ధర పెరుగుతున్న రోజున కాదు, మనసు కుదురుగా ఉన్న రోజున రాయాలి. దాటినంత మేరకే అమ్మాలి.

మూడు నాలుగేళ్లలో కావలసిన డబ్బు, అంటే కాలేజీ ఫీజు, ఇంటి అప్పు లాంటివి, ఆ షేరులో ఉండకూడదు. మొదట అమ్మాల్సింది ఆ మేరకే.

ఒకేసారి అమ్మడానికి మనసొప్పకపోతే తేదీలు పెట్టుకోండి. పై ఉదాహరణలో 60 లక్షలను 20కి తేవాలంటే, మూడు నెలలకోసారి 5 లక్షల చొప్పున రెండేళ్లలో పూర్తవుతుంది. మధ్యలో ధర పెరిగినా తగ్గినా తేదీ మారకూడదు. కంపెనీ ఏటా కొత్త షేర్లు ఇస్తుంటే వాటిని చేతికి రాగానే అమ్మి వేరే చోట వేయడం ఇంకా సులువు.

పన్నుకు భయపడి ఆగిపోవద్దు, లెక్క తెలుసుకోండి. మన ఎక్స్ఛేంజీల్లో లిస్టయిన షేరును ఏడాదికి పైగా ఉంచి అమ్మితే, 2024 జులై 23 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ఏడాదికి 1.25 లక్షల రూపాయలు దాటిన లాభం మీద 12.5 శాతం పన్ను. అమ్మకాన్ని మార్చికీ ఏప్రిల్‌కూ పంచుకుంటే రెండేళ్ల మినహాయింపూ వాడుకోవచ్చు. అమెరికా కంపెనీ షేర్లకు ఆ మినహాయింపు లేదు, గడువు 24 నెలలు. పెద్ద మొత్తమైతే ఆడిటర్‌ను అడిగి మొదలుపెట్టండి. 12.5 శాతం పన్ను నొప్పే, కానీ పన్ను పడేది లాభం మీద మాత్రమే. షేరు పడితే పోయేదానికి అలాంటి హద్దు లేదు.

ఎన్‌పీఎస్ ఉన్నవాళ్లకు ఇదే సూత్రం అందులోనే అమర్చి ఉంది. ఆటో చాయిస్ ఎంచుకుంటే ఒక వయసు దాటినప్పటి నుంచి షేర్ల వాటా ఏటా కొంచెం కొంచెం దానంతటదే తగ్గుతుంది. మన చేతిలో విడిగా ఉన్న షేరుకు అలాంటి ఏర్పాటు ఉండదు, మనమే చేసుకోవాలి.

చివరిగా కొంత ఉంచుకోండి. బఫెట్ 1952లో మొత్తం వదిలేసి చింతించినట్టు మీరు చింతించకుండా ఉండటానికి ఆ కొంత చాలు. ఆ కొంత రెట్టింపైతే సంతోషం, 2 డాలర్లకు పడినా అమ్మాయి ఫీజు ఆగదు.

గ్రాహం తల్లి 1907లో పోగొట్టుకున్నది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఆ ఇంటికి ఉన్నది అదే. ఈ నెల జీతం వచ్చాక ఒక సాయంత్రం కాగితం తీసుకుని, పీఎఫ్, డిపాజిట్లు, ఫండ్లు, షేర్లు అన్నీ ఒక వరుసలో రాసి, పక్కన శాతాలు వేయండి. అన్నిటికంటే పెద్ద అంకె ఏ పేరు పక్కన ఉందో ఇంట్లో ఇద్దరికీ తెలిసి ఉండాలి.